టీనేజ్ పిల్లలకు పవర్‌ఫుల్ కారు ఇవ్వాలా వద్దా: తల్లిదండ్రులు ఎలా తేల్చుకోవాలి

లైసెన్స్ చేతికొచ్చి వారం తిరక్కుండానే ఇంట్లో కారు మాట మొదలవుతుంది. "ఆ చిన్న కారు వద్దు నాన్నా, దానికి పికప్ ఉండదు" అని పిల్లలు. "కొనేదేదో మంచిదే కొందాం, మళ్లీ మళ్లీ కొంటామా" అని ఇంట్లో ఇంకొకరు. మా ఇంట్లోనూ ఇదే జరిగింది. మూడు వారాలు మాట్లాడుకున్నాం, ఒక రాత్రి గొడవ కూడా పడ్డాం. తర్వాత ఆలోచిస్తే, ఆ మూడు వారాలూ మావాడు బుద్ధిమంతుడా కాదా అన్నదాని మీదే వాదించుకున్నామని అర్థమైంది. బుద్ధిమంతులైన పిల్లలు కూడా డ్రైవింగ్ కొత్తలో తప్పులు చేస్తారు. నేనూ చేశాను, మీరూ చేసే ఉంటారు. మన తప్పులు చాలావరకు ఒక గీతతోనో, ఒక సొట్టతోనో పోయాయంటే మనం అప్పుడు నడిపిన బండి నిదానంగా కదిలేది కాబట్టి. కాబట్టి కారు గురించి అడగాల్సింది ఒకటే: పిల్లలు తప్పు చేస్తే, దాన్ని దిద్దుకునే టైం ఆ కారు వాళ్లకు ఇస్తుందా?

ఒక మాట ముందే చెప్పాలి. మీరుండే చోట చట్టం చెప్పిన వయసు నిండకపోయినా, లైసెన్స్ రాకపోయినా ఏ కారూ ఇవ్వకండి, వీధి చివరిదాకా కూడా. కింద చెప్పేదంతా లైసెన్స్ వచ్చిన పిల్లల గురించే.

మొదట మీరిద్దరూ మాట్లాడుకోండి

పిల్లలు ఇంట్లో లేనప్పుడు తల్లీతండ్రీ కూర్చుని ఈ కోరిక ఎవరిదో నిజాయితీగా చెప్పుకోండి. చాలా ఇళ్లలో పెద్ద కారు కోరిక పిల్లలది కాదు. చిన్నప్పుడు తనకు దక్కనిది బిడ్డకు ఇవ్వాలని తండ్రికి ఉంటుంది. మంచి మార్కులు వస్తే కొంటానని ఎప్పుడో మాట ఇచ్చేసి ఉంటాం. బంధువుల పిల్లలకు ఏం కొన్నారో మనసులో మెదులుతూ ఉంటుంది. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, అదంతా ప్రేమే. కానీ ఆ ప్రేమను చూపించడానికి నాలుగేళ్లు ఆగినా తేడా రాదు. పరీక్షలు బాగా రాశారంటే బాగా చదివారని అర్థం. వానలో తడిసిన మలుపు దగ్గర కారును ఎలా పట్టుకోవాలో వాళ్లకు తెలుసని కాదు.

ఇద్దరూ ఒక నిర్ణయానికి వచ్చాకే పిల్లలతో మాట్లాడండి. అమ్మ వద్దన్నది నాన్న దగ్గర దొరుకుతుందని ఒకసారి తెలిస్తే, తర్వాత పెట్టుకునే ఏ నియమానికీ విలువ ఉండదు.

ఆ కారు ఎంత పవర్‌ఫుల్లో లెక్క కట్టండి

ఈ పని అందరూ వదిలేస్తారు. "పవర్‌ఫుల్" అనే మాట ఒక్కొక్కరికి ఒక్కోలా వినిపిస్తుంది. ఇంజన్ ఎన్ని సీసీ అన్నది చూస్తే చాలదు. ఇప్పుడు చిన్న టర్బో ఇంజన్ కూడా పాతకాలపు పెద్ద ఇంజన్ కంటే గట్టిగా లాగుతుంది. చూడాల్సింది బరువుకు తగ్గ పవర్.

లెక్క సులువే. కారు వివరాల్లో బీహెచ్‌పీ, అంటే ఇంజన్ పవర్, ఎంతో ఉంటుంది. దాన్ని 0.746తో గుణిస్తే కిలోవాట్లు వస్తాయి. ఆ సంఖ్యను కారు బరువుతో, అంటే కెర్బ్ వెయిట్‌ను (మనుషులు, సామాను లేని కారు బరువును) టన్నుల్లోకి మార్చి, భాగించండి. 90 బీహెచ్‌పీ ఉండి 1,000 కిలోలు తూగే కారుకు టన్నుకు సుమారు 67 కిలోవాట్లు వస్తుంది. 300 బీహెచ్‌పీ, 1,600 కిలోల కారుకు టన్నుకు 140.

ఈ సంఖ్యను దేనితో పోల్చాలంటే, కొన్ని దేశాలు కొత్త డ్రైవర్లకు ఇదే లెక్కతో హద్దు పెట్టాయి. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా రాష్ట్రాల్లో ప్రొవిజనల్ లైసెన్స్ మీద, అంటే పూర్తి లైసెన్స్‌కు ముందు ఇచ్చే లైసెన్స్ మీద ఉన్నవాళ్లు, కొన్ని మినహాయింపులు తప్ప, టన్నుకు 130 కిలోవాట్లు దాటిన కారు నడపకూడదు. ఇటలీ ఇంకా కఠినం. 2024 చివర్లో మార్చిన నియమం ప్రకారం లైసెన్స్ వచ్చిన మొదటి మూడేళ్లు టన్నుకు 75 కిలోవాట్లే హద్దు. మీరుండే చోట ఇలాంటి చట్టం ఉన్నా లేకపోయినా, కారు కదిలే తీరు ఎక్కడైనా ఒకటే. నా సలహా ఏమిటంటే మొదటి కారుకు 75 దగ్గర ఆగండి, 100 దాటితే ఎందుకు దాటాలో గట్టి కారణం ఉండాలి, 130 పైన అయితే అసలు ఆలోచించకండి.

ఎలక్ట్రిక్ కార్ల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. పెట్రోల్ ఇంజన్‌కు పూర్తి బలం రావడానికి ఆర్‌పీఎం, అంటే ఇంజన్ తిరిగే వేగం, పెరగాలి, మధ్యలో గేర్లు మారాలి. మోటారుకు ఆ ఆలస్యం లేదు, పెడల్ నొక్కిన క్షణంలోనే పూర్తి టార్క్, అంటే తిప్పే బలం, చక్రాలకు చేరుతుంది. పైగా చప్పుడు ఉండదు. చప్పుడుతో వేగాన్ని పసిగట్టడం ఇంకా అలవాటు కాని పిల్లలకు, లోపల ప్రశాంతంగా ఉన్న కారులో 60కీ 90కీ తేడా తెలియదు. కాబట్టి అలాంటి కారుకు సున్నా నుంచి వంద చేరడానికి ఎన్ని సెకన్లో కూడా చూడండి. పది సెకన్ల కంటే ఎక్కువ పట్టే కారు కొత్త చేతులకు నయం. ఆరు సెకన్ల లోపు చేరేది వద్దు.

పవర్ ఎక్కువైతే ఏమవుతుందో పిల్లలతో కలిసి లెక్క వేయండి

"పవర్ ఉంటే వేగంగా నడపాలని ఏముంది, నేను నెమ్మదిగానే నడుపుతాను" అంటారు. మనస్ఫూర్తిగానే అంటారు. వాళ్లను తిట్టకుండా ఒక కాగితం తీసుకోండి.

ఎదురుగా ఏదో అడ్డం వచ్చిందని కన్ను చూసి, కాలు బ్రేక్ మీదికి వెళ్లేసరికి సుమారు ఒకటిన్నర సెకను పడుతుందనుకుందాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఆ ఒకటిన్నర సెకనులోనే కారు 25 మీటర్లు పోతుంది. ఆ తర్వాత పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేక్ వేస్తే ఇంకో 20 మీటర్లు. మొత్తం 45. ఇప్పుడు అదే కారు 80లో వస్తోందనుకోండి. బ్రేక్ మీద కాలు పడేలోపే 33 మీటర్లు అయిపోతాయి. మొదటి కారు పూర్తిగా ఆగిపోయిన ఆ 45వ మీటరు దగ్గర ఈ కారు వేగం ఎంత ఉంటుందో అడగండి. చాలామంది 20 అంటారు, 30 అంటారు. లెక్క వేస్తే 65 వస్తుంది.

మా అబ్బాయి ఈ లెక్క నమ్మలేదు, తనే రెండుసార్లు వేసుకున్నాడు. నేను చెప్పిన ఏ మాటా చేయని పని ఆ కాగితం చేసింది. వేగం రెట్టింపయితే గుద్దుకునే శక్తి నాలుగింతలవుతుందని వాళ్లు ఫిజిక్స్‌లో చదివే ఉంటారు. అది రోడ్డు మీద తమకూ వర్తిస్తుందని వాళ్లకు ఎవరూ చూపించి ఉండరు, అంతే.

పవర్‌ఫుల్ కారులో జరిగేది ఇదే. 60 నుంచి 80కి చిన్న కారు ఊపిరి తీసుకుని, చప్పుడు చేసి, కొన్ని సెకన్లు తీసుకుని వెళ్తుంది. ఆ లోపు మనసు మారడానికి టైం ఉంటుంది. పెద్ద ఇంజన్ ఉన్న కారు కాలివేలు కదిపేసరికి వెళ్లిపోతుంది. ఓవర్‌టేక్ చేయాలనే ఆలోచనకీ, చేసేయడానికీ మధ్య ఉండే ఆ చిన్న ఖాళీయే కొత్త డ్రైవర్‌ను కాపాడేది. తొందరపాటును ఆపి ముందువెనకలు చూసుకునే పని మెదడు ముందు భాగానిది. అది పూర్తిగా పరిణతి చెందేది ఇరవైల నడుమకే. మన పిల్లల్లో లోపమేమీ లేదు, ఆ వయసే అది.

ఇంకొక ప్రమాదం వెనక చక్రాలకు పవర్ వెళ్లే బలమైన కార్లలో ఉంటుంది. తడి రోడ్డు మలుపులో యాక్సిలరేటర్ కొంచెం ఎక్కువ నొక్కితే వెనక భాగం పక్కకు జారుతుంది. అప్పుడు భయపడి ఒక్కసారిగా కాలు తీసేస్తే కొన్నిసార్లు ఇంకా జారుతుంది. దాన్ని స్టీరింగ్‌తో సరిచేయడం పుస్తకం చదివితే రాదు.

పది ప్రయాణాలు పక్క సీట్లో కూర్చోండి

కారు కొనకముందే, ఇంట్లో ఇప్పుడున్న కారుతో కనీసం పదిసార్లు పిల్లల్ని నడపనివ్వండి. ఒకే దారిలో పది సార్లు కాదు. ఒకటి వానలో, రెండు చీకటి పడ్డాక, ఒకటి హైవే మీద, ఒకటి బాగా ట్రాఫిక్ ఉన్న టైంలో. ఒక ప్రయాణం మాత్రం ఎక్కడికో ఆలస్యమవుతున్నప్పుడు చేయించండి, తొందరలో వాళ్లు ఎలా ఉంటారో అప్పుడే తెలుస్తుంది.

మీరు పాఠాలు చెప్పకండి, చూడండి. వెనకవాడు హారన్ కొడితే భుజాలు బిగుస్తాయా? ఎవరైనా ఓవర్‌టేక్ చేస్తే తెలియకుండానే యాక్సిలరేటర్ నొక్కుతున్నారా? ముందు బండికి రెండు సెకన్ల దూరం ఉంచుతున్నారా? ముందు బండి ఒక స్తంభం దాటగానే లెక్కపెట్టడం మొదలుపెడితే, మన కారు ఆ స్తంభం చేరేసరికి రెండైనా అయి ఉండాలి. వానలో అయితే నాలుగు. ఫోన్ మోగితే కళ్లు ఎటు పోతున్నాయి? తప్పు చేసినప్పుడు "అయ్యో, చూసుకోలేదు" అంటున్నారా, లేక ప్రతిసారీ ఎదుటివాడిదే తప్పు అంటున్నారా? నేను అన్నిటికంటే ఈ చివరిదాన్ని ఎక్కువ పట్టించుకుంటాను. తన తప్పు ఒప్పుకునే పిల్లలు డ్రైవింగ్ త్వరగా నేర్చుకుంటారు.

మీరు పక్కన ఉన్నప్పుడు చక్కగా నడిపారని తాళాలు ఇచ్చేయకండి. పెద్దవాళ్లు పక్కన ఉన్నప్పుడు టీనేజ్ పిల్లలు అందరూ బాగానే నడుపుతారు. ప్రమాదం ఎక్కువగా ఉండేది వాళ్లు ఒంటరిగా నడపడం మొదలుపెట్టిన తొలి నెలల్లో.

ఈ పది ప్రయాణాల్లో మీ డ్రైవింగ్ కూడా గుర్తుకొస్తుంది. సిగ్నల్ దగ్గర నేను విసుక్కునే తీరు మావాడు అచ్చంగా చూపించినప్పుడు నాకు చాలా బాధేసింది. పదిహేనేళ్లు వెనక సీట్లో కూర్చుని వాళ్లు నేర్చుకున్నది అదే. అప్పటి నుంచి నేను కూడా మార్చుకుంటున్నాను.

మరి ఎలాంటి కారు చూడాలి

పవర్ తక్కువంటే అన్నిటికంటే చిన్నది, అన్నిటికంటే పాతది అని అర్థం చేసుకోకండి. అమెరికాలో బీమా కంపెనీల డబ్బుతో నడిచే రోడ్డు భద్రత సంస్థ ఐఐహెచ్ఎస్, వస్తువులను పరీక్షించి చెప్పే కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థతో కలిసి టీనేజర్లకు పనికొచ్చే కార్ల జాబితా ఇస్తుంది. అందులో స్పోర్ట్స్ కార్లు ఉండవు. అలాగే 2,750 పౌండ్ల లోపు, అంటే సుమారు 1,250 కిలోల లోపు తూగే కార్లు కూడా ఉండవు. గుద్దుకున్నప్పుడు మరీ తేలిక బండిలో ఉన్నవాళ్లకు దెబ్బ ఎక్కువ. కాబట్టి మధ్యస్థంగా బరువుండి, ఇంజన్ మామూలుగా ఉన్న కారు మేలు. అంత బరువున్న కారు అందుబాటులో లేకపోతే క్రాష్ టెస్ట్‌లో మంచి స్టార్ రేటింగ్ ఉన్నదాన్ని చూడండి.

ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ లేని కారు తీసుకోకండి. దాన్నే ఈఎస్‌సీ అనీ, ఈఎస్‌పీ అనీ అంటారు. కారు జారబోతోందని గ్రహించి ఒక్కో చక్రానికి విడిగా బ్రేక్ వేసి దారిలో పెట్టేది అదే. అమెరికాలో 2012 మోడల్ కార్ల నుంచి, యూరప్‌లో 2014 నవంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ దీన్ని తప్పనిసరి చేశారు. చాలా కార్లలో దాన్ని ఆపేసే బటన్ ఉంటుంది. ఆ బటన్ ముట్టుకోవద్దని పిల్లలకు మొదటి రోజే చెప్పండి.

సెకండ్ హ్యాండ్‌లో ఒక ఉచ్చు ఉంది. కొత్త మామూలు కారు ధరకే పదేళ్ల పాత లగ్జరీ పవర్‌ఫుల్ కారు దొరుకుతుంది. చూడ్డానికి ఎంతో బాగుంటుంది, పిల్లలు దాని ఫొటో పట్టుకుని వస్తారు. అంత బలమైన కారుకు బ్రేకులు, టైర్లు, సస్పెన్షన్ కూడా ఆ స్థాయిలోనే ఉండాలి. వాటి ఖర్చు భరించలేకే చాలామంది దాన్ని అమ్ముతారు. లాగే బలం మిగిలి, ఆపే బలం అరిగిపోయిన కారు అన్నిటికంటే చెడ్డది. టైరు పక్కన డీఓటీ అని ఉన్న చోట చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైంది. టైరు మీద గీతలు బాగానే కనిపించినా రబ్బరు వయసైపోయి ఉండొచ్చు.

బీమా ఎంతవుతుందో కూడా కొనకముందే కనుక్కోండి. చాలా చోట్ల కొత్త డ్రైవర్, పవర్‌ఫుల్ కారు రెండూ కలిస్తే ప్రీమియం బాగా పెరుగుతుంది. ఆ అంకె పిల్లలకు చూపించండి.

వద్దని చెప్పాల్సి వస్తే

సాధారణంగా మీ లెక్కలన్నీ "ఇప్పుడు వద్దు" దగ్గరే ఆగుతాయి. అప్పుడు పిల్లలు అనే మాట తెలిసిందే: "అంటే నా మీద నమ్మకం లేదు కదా."

దీనికి జవాబు ముందే ఆలోచించి పెట్టుకోండి, అప్పటికప్పుడు నోటికి రాదు. నేను ఇలా చెప్పాను: "నీ మీద నమ్మకం ఉంది కాబట్టే కారు ఇస్తున్నాను నాన్నా. నువ్వడిగిన ఆ పవర్‌ఫుల్ కారు మాత్రం నేనైనా మొదటి ఏడాదిలో నడపగలిగేవాణ్ని కాదు." తర్వాత తేదీ చెప్పాను. ఎప్పుడో చూద్దాంలే అంటే పిల్లలు నమ్మరు. రెండేళ్లు ప్రమాదం లేకుండా, జరిమానా లేకుండా నడిపితే మళ్లీ కూర్చుని మాట్లాడదాం అని కాగితం మీద రాసి ఇద్దరం పెట్టుకున్నాం. వాడు అలిగి రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. ఆ రెండు రోజులు నేను ఓర్చుకున్నాను, మీరూ ఓర్చుకోవాలి.

నిజంగా వేగం అంటే ఇష్టమున్న పిల్లలు ఉంటారు. ఆ ఇష్టాన్ని అణచేయకండి, దానికి సరైన చోటు చూపించండి. గో-కార్టింగ్‌కు తీసుకెళ్లండి, అందుబాటులో ఉంటే ట్రాక్ మీద నేర్పే డ్రైవింగ్ కోర్సులో చేర్పించండి. ఎదురుగా బండి రాని చోట, హెల్మెట్ పెట్టుకుని, కారు జారడమంటే ఏమిటో ఒంటికి తెలియనివ్వండి. ఒక్క విషయం మాత్రం చెప్పండి, ట్రాక్ మీద నేర్చుకున్నది రోడ్డు మీద చూపించడానికి కాదు.

ఇంట్లో ఇప్పటికే పవర్‌ఫుల్ కారు ఉంటే

కొనకపోయినా సమస్య తీరదు, ఎందుకంటే నాన్న కారు గరాజ్‌లో ఉంటుంది. తాళాలు హాల్లో కొక్కేనికి తగిలించే అలవాటు మానండి. ఆ కారులో ఏయే సౌకర్యాలున్నాయో ఓనర్స్ మాన్యువల్ తీసి చదవండి. ఫోర్డ్ కార్లలో మైకీ అని, వోల్వోలో కేర్ కీ అని, షెవర్లేలో టీన్ డ్రైవర్ అని ఉంటాయి. పిల్లలకు వేరే తాళం ఇచ్చి గరిష్ఠ వేగానికి హద్దు పెట్టవచ్చు. కొన్నిటిలో సీట్ బెల్ట్ పెట్టుకునేదాకా పాటలు మోగవు. షెవర్లేలో అయితే ఎంత దూరం, ఎంత వేగంతో నడిపారో తర్వాత చూసుకోవచ్చు. చాలా ఎలక్ట్రిక్ కార్లలో పికప్ తగ్గించే మోడ్ ఉంటుంది. ఇవన్నీ పిల్లలకు చెప్పే పెట్టండి. దొంగచాటుగా పెట్టి తర్వాత దొరికితే, వాళ్లు మనకు చెప్పడం మానేస్తారు.

మొదటి ఏడాది మెట్లు

ఏ కారు ఇచ్చినా ఒక్కసారిగా పూర్తి స్వేచ్ఛ ఇవ్వకండి. న్యూజిలాండ్ 1987లోనే కొత్త డ్రైవర్లకు రాత్రి ప్రయాణాల మీద, పక్కన ఎక్కించుకునేవాళ్ల మీద హద్దులు పెట్టి, మెట్లు మెట్లుగా లైసెన్స్ ఇవ్వడం మొదలుపెట్టింది. తర్వాత ఎన్నో దేశాలు ఆ దారి పట్టాయి. మీ దగ్గర ఆ చట్టం లేకపోతే ఇంట్లోనే పెట్టుకోవచ్చు.

మొదటి మూడు నెలలు తెలిసిన దారుల్లో, పగటి పూట, స్నేహితులు లేకుండా నడపనివ్వండి. స్నేహితుల విషయంలో గట్టిగా ఉండండి. తోటి వయసు వాళ్లు కారులో పెరిగిన కొద్దీ టీనేజ్ డ్రైవర్‌కు ప్రమాదం పెరుగుతుంది, ఒక్కడికి ఒక్కడు తోడుంటే మంచిదే కదా అన్న మన లెక్క ఇక్కడ పనిచేయదు. ఆ తర్వాత ఒక స్నేహితుడు, కొంచెం పొద్దుపోయే ప్రయాణాలు. ఆరు నెలలకు హైవే. సీట్ బెల్ట్, ఫోన్ విషయాల్లో మాత్రం మెట్లు ఉండవు, మొదటి రోజు నుంచి ఒకటే నియమం. కారు మీ పేరు మీదే ఉంచండి, పెట్రోల్ ఖర్చులో కొంత వాళ్లనే పెట్టుకోమనండి. నెలకోసారి కలిసి టైర్లలో గాలి చూడండి. ఆ పది నిమిషాల్లో వాళ్లు రోడ్డు మీద భయపడిన సంగతులు వాటంతటవే బయటికొస్తాయి.

ఇంకో మాట ఇవ్వండి, తప్పకుండా నిలబెట్టుకోండి. నిద్ర వస్తున్నా, కారులో ఉన్నవాళ్లు వేగంగా పొమ్మని ఎగదోస్తున్నా, ఎవరైనా తాగి ఉన్నా, రాత్రి ఎన్ని గంటలైనా సరే ఫోన్ చేస్తే వచ్చి తీసుకెళ్తానని చెప్పండి. ఫోన్ వచ్చినప్పుడు ఎక్కడున్నావో మాత్రమే అడగండి. ఇంటికి తీసుకొచ్చి పడుకోబెట్టండి. ఏం జరిగిందో మర్నాడు టిఫిన్ తిన్నాక అడగొచ్చు.